తెలుగువారి ఇంగ్లీషులో తరచుగా దొర్లే తప్పులు: వాటి మూలాలు, సవరణలు

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారు చేసే తప్పులను ఒకచోట రాసి చూస్తే, వాటిలో చాలా భాగం తెలుగు వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ ఇంగ్లీషు మాటలను పేర్చడం వల్ల వచ్చినవేనని తెలుస్తుంది. అందుకే విజయనగరంలో వినిపించే తప్పులే ఆదిలాబాద్‌లోనూ వినిపిస్తాయి. అన్ని దేశాలవారి కోసం తయారైన వ్యాకరణ పుస్తకంలో నియమాలు ఉంటాయి గాని, మన చేత ఆ తప్పు చేయించిన తెలుగు వాక్యం ఉండదు. తప్పు కనిపించిన ప్రతిసారీ దాని వెనుకనున్న తెలుగు వాక్యాన్ని బయటికి తీసి, ఆ వాక్యంలో ఏ ప్రత్యయం, ఏ క్రియారూపం మనల్ని పక్కదారి పట్టించిందో గుర్తించడమే ఇక్కడ సూచిస్తున్న పద్ధతి. ఇందుకు పదో తరగతి వరకు చదువుకున్న తెలుగు వ్యాకరణం చాలు.

కాలాలు: అసలు చిక్కు ఇక్కడే

అన్నిటికంటే మొండి తప్పుతో మొదలుపెడదాం. “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్” అనే వాక్యం ఉద్యోగ ఇంటర్వ్యూలలో బాగా అనుభవం ఉన్నవారి నోట కూడా వినిపిస్తుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. రెండింటికీ మూలం “ఐదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను” అన్న తెలుగు వాక్యమే. మనం “2019 నుంచి” అన్నా, “ఐదేళ్ల నుంచి” అన్నా వాడేది “నుంచి” అనే ఒక్క మాటనే. ఇంగ్లీషు మాత్రం పని మొదలైన సమయాన్ని చెప్పేటప్పుడు “సిన్స్” అనీ, గడిచిన వ్యవధిని చెప్పేటప్పుడు “ఫర్” అనీ వేరు చేస్తుంది. “ఎప్పుడు మొదలైంది?” అన్న ప్రశ్నకు జవాబు కాగలిగితే “సిన్స్”, “ఎంతకాలంగా?” అన్న ప్రశ్నకు జవాబు కాగలిగితే “ఫర్” వాడాలి. ఇక రెండో తప్పు క్రియలో ఉంది. “పనిచేస్తున్నాను” అన్నది వర్తమానకాలం కనుక “యామ్ వర్కింగ్” అనేస్తాం. కాని గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో “హావ్ బీన్ వర్కింగ్” అన్న రూపం ఉంది. కాబట్టి సరైన వాక్యం “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్” లేదా “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019” అవుతుంది.

భూతకాలంలో దీనికి దగ్గరి బంధువైన తప్పు ఒకటి ఉంది. “ఆ ఊరు చూశాను”, “నిన్న ఆ ఊరు చూశాను” అనే రెండు వాక్యాలలోనూ తెలుగు క్రియ మారలేదు. ఇంగ్లీషులో మొదటిదానికి “ఐ హావ్ విజిటెడ్”, రెండోదానికి “ఐ విజిటెడ్” అనాలి. ఎస్టర్డే, లాస్ట్ ఇయర్, టూ డేస్ ఎగో, ఇన్ 2015 వంటి ముగిసిపోయిన కాలాన్ని తెలిపే మాట వాక్యంలో ఉంటే అక్కడ “హావ్”కు చోటు లేదు. అమెరికాలో “ఆల్రెడీ”, “జస్ట్” ఉన్న వాక్యాలలో “హావ్” లేకుండానే మాట్లాడడం మామూలే గనుక అక్కడ స్థిరపడినవారికి ఈ తేడా కొంత పలచగా అనిపించవచ్చు. అయితే “ఎస్టర్డే” పక్కన “హావ్” పెట్టడాన్ని అక్కడివారు కూడా ఒప్పుకోరు. “లాస్ట్ మంత్ ఐ హాడ్ గాన్ టు తిరుపతి” అని “హాడ్” చేర్చి గౌరవంగా చెప్పబోవడం మరో అలవాటు. గతంలో జరిగిన రెండు పనులలో ఏది ముందు జరిగిందో చూపడానికే “హాడ్” ఉన్నది. ఒక్క పనినే చెబుతున్నప్పుడు “ఐ వెంట్” చాలు.

తెలుగు వ్యాకరణంలో తద్ధర్మార్థకం అని ఒకటి చదువుకున్నాం. “సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు” అన్నప్పుడు ఆ క్రియ ఎప్పుడూ జరిగే పనిని చెబుతుంది. “రేపు మా అన్న వస్తాడు” అన్నప్పుడు అదే రూపం భవిష్యత్తును చెబుతుంది. రూపం ఒక్కటే కావడం వల్ల “మా నాన్నగారు రోజూ ఐదింటికి లేస్తారు” అన్న మాట ఇంగ్లీషులో “మై ఫాదర్ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే”గా మారిపోతుంది. అలవాటు చెబుతున్నప్పుడు “విల్” తీసేసి “గెట్స్ అప్” అనాలి. వాక్యంలో “రోజూ”, “ఎప్పుడూ”, “సాధారణంగా” వంటి మాటలు ఇముడుతాయేమో చూసుకుంటే ఈ తప్పు తేలిగ్గా దొరుకుతుంది.

“విల్” అనవసరంగా చొరబడే మరో చోటు షరతును తెలిపే చేదర్థకం. “వాన పడితే వెళ్లం” అన్నప్పుడు “పడితే” అన్న అసమాపక క్రియకు కాలమే లేదు. అది లేనందువల్లనే ఇంగ్లీషులో ఏ కాలం వాడాలో తెలియక “ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ నాట్ గో” అంటాం. భవిష్యత్తు గురించి చెప్పేటప్పుడు ఇఫ్, వెన్, ఆఫ్టర్, అంటిల్‌లతో మొదలయ్యే భాగంలో వర్తమానాన్ని ఉంచి, “విల్”ను ప్రధాన భాగానికే వదిలేయాలి: “ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ నాట్ గో.”

“ఐ డిడ్ నాట్ వెంట్”, “డిడ్ యు కేమ్?” అనే తప్పుల దగ్గర మాత్రం తెలుగు మనకు సాయపడుతుంది. “వెళ్లాను” అన్న మాటకు వ్యతిరేకం “వెళ్లలేదు”. అందులో ప్రధాన క్రియ తన భూతకాల ప్రత్యయాన్ని వదులుకుని “వెళ్ల” అనే మూల రూపానికి తిరిగి వచ్చింది. “వెళ్లానులేదు” అని ఎవరూ అనరు. ఇంగ్లీషు కూడా అచ్చంగా ఇదే పని చేస్తుంది. భూతకాలాన్ని “డిడ్” మోస్తున్నది కనుక తర్వాతి క్రియ “గో” అనే మూల రూపంలోనే ఉండాలి. చిన్నపిల్లలకు నేర్పేవారు ఈ పోలికను పలకమీద పక్కపక్కన రాసి చూపితే నియమాన్ని కంఠస్థం చేయించే పని తప్పుతుంది.

“అని” విషయంలో అలాంటి సాయం లేదు. “వస్తాడనుకున్నాను” అన్న వాక్యంలో అనుకోవడం గడిచిపోయినా, రావడం భవిష్యత్తులోనే నిలిచి ఉంటుంది. ఇంగ్లీషులో ముందరి క్రియ భూతకాలంలోకి వెళ్తే వెనుకది కూడా దాని వెంట ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి కనుక “ఐ థాట్ హి వుడ్ కమ్” అనాలి, “విల్ కమ్” అనకూడదు.

ప్రశ్నలు, జవాబులు

తెలుగులో ప్రశ్న వేయడానికి మాటల వరుస మార్చనక్కరలేదు. “వస్తావు” చివర “ఆ” చేరిస్తే “వస్తావా” అవుతుంది. “ఏమిటి”, “ఎక్కడ” వంటివి ఉంటే అదీ అక్కరలేదు. ఆ అలవాటుతోనే “వేర్ యు ఆర్ గోయింగ్?” అంటాం. ఇంగ్లీషు ప్రశ్నలో సహాయక క్రియ కర్తకు ముందు రావాలి: “వేర్ ఆర్ యు గోయింగ్?” ఈ నియమం కష్టపడి ఒంటబట్టించుకున్నవారు దాన్ని అవసరం లేనిచోట కూడా వాడి మరో తప్పు చేస్తారు. “ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి”, “టెల్ మీ వాట్ ఈజ్ ది ప్రాబ్లమ్” అన్నవి అలా పుట్టినవే. ప్రశ్న పెద్ద వాక్యంలో భాగమైపోయినప్పుడు అది ప్రశ్నగా మిగలదు గనుక వరుస మామూలు స్థితికి వస్తుంది: “ఐ డోంట్ నో వేర్ హి ఈజ్.” తెలుగులో ఆ వాక్యాన్ని చెప్పి చూసి, చివర “తెలియదు”, “చెప్పు”, “అడిగాడు” వంటి క్రియ వస్తే ఇంగ్లీషులో మాటలను తిరగేయకూడదని గుర్తుపెట్టుకోవచ్చు.

“కదా” సంగతి అందరూ ఎరిగిందే. “నువ్వు వస్తున్నావు కదా”, “వాళ్లు తిన్నారు కదా”, “ఆమె డాక్టరు కదా” అని అన్నిటికీ ఒకే మాట సరిపోతుంది కాబట్టి “ఈజంట్ ఇట్”ను కూడా అన్నిటికీ తగిలిస్తాం. ఇంగ్లీషులో ఆ తోక ముందున్న క్రియనూ కర్తనూ బట్టి మారుతుంది: “యు ఆర్ కమింగ్, ఆరంట్ యు?”, “దే ఏట్, డిడంట్ దే?” మాటల్లో ఇంత లెక్క కట్టడం కష్టమనుకునేవారు చివర “రైట్?” అంటే ఏ వాక్యానికైనా చెల్లుతుంది, రాతలో మాత్రం అది నప్పదు.

వ్యతిరేక ప్రశ్నకు జవాబు చెప్పడంలో జరిగే పొరపాటు వ్యాకరణ పుస్తకాలలో ఒక మూలన ఉంటుంది గాని, నిజ జీవితంలో దాని వల్ల కలిగే అనర్థం పెద్దది. “నువ్వు సంతకం చేయలేదా?” అని అడిగితే, చేయనివాడు తెలుగులో “అవును, చేయలేదు” అనవచ్చు; అడిగినవాడి మాటతో ఏకీభవిస్తున్నానని ఆ “అవును”కు అర్థం. ఇంగ్లీషులో “డిడంట్ యు సైన్?” అన్న ప్రశ్నకు వట్టి “యెస్” అంటే సంతకం చేశానని అర్థం. వీసా అధికారి ముందో, వైద్యుడి ముందో, కోర్టులోనో ఈ ఒక్క మాట తలకిందుల అర్థం ఇవ్వగలదు. జరిగిన పనికి “యెస్”, జరగని పనికి “నో” అని ప్రశ్నతో నిమిత్తం లేకుండా చెప్పాలి. అంతకంటే భద్రమైన మార్గం “నో, ఐ డిడంట్ సైన్” అని పూర్తి వాక్యం చెప్పడం.

ఒక ఊళ్లో ఒక రాజు

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి అవి మనకు ఎప్పటికీ రావని నిరాశపడేవారున్నారు. “ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు” అని కథ చెప్పే ప్రతి తెలుగువాడికీ వాటి సారం తెలుసు. వినేవారికి కొత్తగా పరిచయం చేసేటప్పుడు “ఒక”, పరిచయమయ్యాక “ఆ” అంటున్నాం. ఇంగ్లీషులో వాటి స్థానాలు “ఎ”, “ది” అన్నవి. చిక్కల్లా తెలుగు “ఒక”ను వదిలేసే చోట్లలో ఉంది. “మా తమ్ముడు ఇంజినీరు” అనడానికి మనకు “ఒక” అవసరం లేదు గాని, ఇంగ్లీషులో “మై బ్రదర్ ఈజ్ యాన్ ఇంజినీర్” అనితీరాలి. ఏ వృత్తి పేరు చెప్పినా ఇంతే.

“ఎ”, “యాన్”ల మధ్య ఎంపికను ఇంగ్లీషు అక్షరాలను బట్టి నేర్పడం వల్ల అనవసరమైన గందరగోళం ఏర్పడింది. ఆ మాటను తెలుగు లిపిలో రాసుకుని, అచ్చుతో మొదలైతే “యాన్”, హల్లుతో మొదలైతే “ఎ” అనుకోవాలి: “యాన్ అవర్”, “యాన్ ఎమ్మెల్యే”, “ఎ యూనివర్సిటీ”, “ఎ వన్‌-వే రోడ్”. దీనికి కొన్ని అపవాదాలు ఉన్నాయి. మనం “ఇయర్” అని రాసే మాట ఇంగ్లీషులో హల్లు ధ్వనితోనే మొదలవుతుంది కనుక “ఎ ఇయర్” అనాలి. “యాపిల్”, “యాక్టర్” వంటి మాటల్లోని ధ్వనికి మన లిపిలో అక్షరం లేక “యా” అని రాస్తున్నాం. నిజానికది అచ్చే కనుక వాటికి “యాన్” రావాలి.

“ది” విషయంలో మనవారు తక్కువ వాడడమూ ఉంది, భయంతో ఎక్కువ వాడడమూ ఉంది. ఊళ్ల పేర్లకూ చాలా దేశాల పేర్లకూ “ది” ఉండదు. నదులకూ సముద్రాలకూ ఉంటుంది కనుక “ది గోదావరి”, “ది బే ఆఫ్ బెంగాల్” అంటాం గాని “ది రాజమండ్రి” అనం. చదువుకోవడానికి వెళ్లే పిల్లవాడు “గోస్ టు స్కూల్”; ఫీజు కట్టడానికి వెళ్లిన తండ్రి “గోస్ టు ది స్కూల్”.

బహువచనాల్లో ఒక్క సంగతి చెప్పి ముందుకు సాగుదాం. “సలహాలు”, “సామాన్లు”, “వెంట్రుకలు” అన్న తెలుగు బహువచనాల నీడలో అడ్వైసెస్, ఫర్నిచర్స్, లగేజెస్, హెయిర్స్ అనే రూపాలు తయారవుతున్నాయి. ఇంగ్లీషులో ఇవి నీళ్లలాగా లెక్కకు రానివి కనుక బహువచనం లేదు. లెక్క చెప్పవలసి వస్తే “టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్” అనాలి. తల మీది జుట్టంతా “హెయిర్”. సాంబారులో ఒక వెంట్రుక వస్తే మాత్రం అది “ఎ హెయిర్”.

విభక్తులు తెచ్చే తంటా

“అతనికి చెప్పాను” లోని “కి” కారణంగా “ఐ టోల్డ్ టు హిమ్” వస్తుంది. “ఇంటికి వెళ్లాను” లోని “కి” కారణంగా “ఐ వెంట్ టు హోమ్” వస్తుంది. “టెల్” తర్వాత మనిషి నేరుగా రావాలి, “సే” తర్వాత “టు” కావాలి, “హోమ్” ముందు “టు” అక్కరలేదు. అలాగే “గురించి చర్చించాం” అన్నది “డిస్కస్డ్ అబౌట్” అవుతుంది గాని “డిస్కస్” లోనే ఆ “గురించి” ఇమిడి ఉంది. “ఆమెతో పెళ్లయింది” నుంచి వచ్చిన “మ్యారీడ్ విత్ హర్” బదులు “మ్యారీడ్ టు హర్”, “నా మీద కోపం” నుంచి వచ్చిన “యాంగ్రీ ఆన్ మీ” బదులు “యాంగ్రీ విత్ మీ” అనాలి. తెలుగు “లో” కనిపించిన ప్రతిచోటా “ఇన్” పెట్టడం కూడా కుదరదు: టీవీలో చూసింది “ఆన్ టీవీ”, ఫోన్‌లో మాట్లాడింది “ఆన్ ది ఫోన్”, బస్సులో వెళ్లింది “ఆన్ ది బస్”, కారులో వెళ్లింది మాత్రం “ఇన్ ది కార్”. వీటిలో తర్కం వెతకడం కాలహరణమని నా అభిప్రాయం. క్రియనూ దాని వెంట వచ్చే చిన్న మాటనూ కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి.

“నాకు”తో మొదలయ్యే వాక్యాలది వేరే కథ. “నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు”, “నాకు అర్థం కావడం లేదు” అనే వాక్యాల్లోని “ఉన్నారు”, “కావడం లేదు” అనే రూపాలు సాగుతున్న పనిలా వినిపించడంతో “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్”, “ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్” అంటున్నాం. కలిగి ఉండడం, తెలియడం, అర్థమవడం, నమ్మడం, ఇష్టపడడం ఇంగ్లీషుకు స్థితులు కనుక వాటికి మామూలుగా “ఇంగ్” చేర్చరు: “ఐ హావ్”, “ఐ డోంట్ అండర్‌స్టాండ్.” “హావింగ్ లంచ్” అన్నప్పుడు “హావ్”కు తినడం అనే అర్థం ఉంది, అది పని గనుక చెల్లుతుంది.

మన “చేయు”, “రాయు”, “వేయు”, “వచ్చు” అనే నాలుగు క్రియలను ఇంగ్లీషులోకి నేరుగా తెస్తే తప్పు జరగడం దాదాపు ఖాయం. తప్పు చేస్తే “మేడ్ ఎ మిస్టేక్” అనాలి, “డిడ్” కాదు. స్నానం “డు” చేయరు, “టేక్” లేదా “హావ్” చేస్తారు. పరీక్ష రాయడం బ్రిటన్‌లో “సిట్”, అమెరికాలో “టేక్”. ఫ్యాన్ వేయమనడానికి “పుట్ ది ఫ్యాన్” అంటే విదేశీయుడు దాన్ని ఎక్కడ పెట్టాలని అడుగుతాడు. “టర్న్ ఆన్” అనాలి. నిద్ర వస్తే “స్లీప్ ఈజ్ కమింగ్” కాదు, “ఐ యామ్ స్లీపీ”; వాన వస్తే “ఇట్ ఈజ్ రెయినింగ్”. గడప దాటుతూ “వెళ్తాను” అనడం అశుభమని “వెళ్లొస్తాను” అనే మన మర్యాద కూడా “ఐ విల్ గో అండ్ కమ్” రూపంలో విదేశాలకు చేరింది. అది విన్నవారు మీరు కాసేపట్లో తిరిగి వస్తారని ఎదురుచూడవచ్చు.

ప్రేరణార్థకం దగ్గర తెలుగులో ఉన్న స్పష్టతను చాలామంది ఇంగ్లీషులో పోగొట్టుకుంటారు. “బండి బాగు చేయించాను” అన్నదాన్ని “ఐ రిపేర్డ్ మై బైక్” అంటే మీరే పానా పట్టారని అర్థం. “ఇంచు”కు సమానమైనది “గెట్” లేదా “హావ్”, వస్తువు మధ్యలో, క్రియ చివర వస్తాయి: “ఐ గాట్ మై బైక్ రిపేర్డ్.”

తప్పనవలసినవి, అనక్కరలేనివి

“ఇవాళే వచ్చాను” లోని “ఏ”కు “టుడే ఓన్లీ ఐ కేమ్” అనీ, “ఇక్కడే” అనడానికి “హియర్ ఇట్సెల్ఫ్” అనీ, “వేడి వేడి ఇడ్లీ” అన్న ఆమ్రేడితానికి “హాట్ హాట్ ఇడ్లీ” అనీ చెప్పడం తెలుగు ఇంగ్లీషుకు ముద్ర లాంటివి. వీటివల్ల అర్థం చెడదు కనుక మాటల్లో వీటిని గురించి ఆందోళన పడనక్కరలేదు. రాతలో “ఐ కేమ్ జస్ట్ టుడే”, “రైట్ హియర్”, “పైపింగ్ హాట్” అని మార్చుకుంటే చాలు. తోడల్లుడిని “కో-బ్రదర్” అనడం కూడా ఇక్కడ చెల్లుతుంది. బయటివారికి “మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్” అని విడమరచవలసిందే. అనుకున్న సమయం కంటే ముందే జరపడం అనే అర్థంలో వాడే “ప్రీపోన్” అనే మాటను ఎగతాళి చేసేవారు అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరిందని గమనించాలి.

అంతకంటే జాగ్రత్త పడవలసినవి తెలుగులో కలిసిపోయి అర్థం మార్చుకున్న ఇంగ్లీషు మాటలు. తరగతిలో “ఐ హావ్ ఎ డౌట్” అంటే మన ఉద్దేశం ప్రశ్న ఉందని. విదేశీ అధ్యాపకుడికి అది తన మాటను నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు, కాబట్టి “క్వశ్చన్” అనాలి. దుకాణంలో అడిగే కవర్ “బ్యాగ్”, పోయిన కరెంటు “పవర్”, టిఫిన్ తినే హోటల్ “రెస్టారెంట్”, కాలేజీ నుంచి పాసవుట్ కావడం “గ్రాడ్యుయేట్” కావడం. అమెరికాలో “పాస్డ్ అవుట్” అంటే స్పృహ తప్పి పడిపోయాడని అర్థం.

సాధన

ఒక నోటుపుస్తకంలో పేజీని మూడు భాగాలు చేసి, మీరు అన్న తప్పు వాక్యాన్ని మొదటి భాగంలో, దాని వెనుకనున్న తెలుగు వాక్యాన్ని రెండో భాగంలో, సరైన ఇంగ్లీషు వాక్యాన్ని మూడో భాగంలో రాయండి. తెలుగు వాక్యంలో మోసం చేసిన మాట కింద గీత గీయండి. కొంతకాలానికి ఆ గీతలన్నీ “నుంచి”, “కి”, “కదా”, “అని” వంటి కొద్ది మాటల కిందే పడుతున్నాయని గమనిస్తారు. ఇకపై ఆ మాట మనసులో మెదిలినప్పుడు ఆగి ఆలోచించాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల కోసం ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పెద్దవారికి కూడా వీటికి మించిన సాధన సామగ్రి దొరకడం అరుదు. ఆరో తరగతి సైన్స్ లేదా సాంఘిక శాస్త్రం పుస్తకం తీసుకుని, ఇంగ్లీషు పేజీని మూసి, తెలుగు పేరాను ఇంగ్లీషులోకి రాసి, తర్వాత తెరిచి వాక్యం వాక్యంగా సరిచూసుకోండి. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆషమ్ లాటిన్ నేర్పడానికి సూచించింది దాదాపు ఈ పద్ధతినే. తేడా వచ్చిన ప్రతిచోటా పుస్తకంలోని వాక్యమే సరైనదనీ మీది తప్పనీ అనుకోనక్కరలేదు, ఒక భావాన్ని రెండు మూడు విధాల చెప్పవచ్చు. ముందుగా కాలాన్నీ, ఆ తర్వాత ఆర్టికల్స్‌నూ, చివరగా విభక్తుల స్థానంలో వచ్చిన చిన్న మాటలనూ విడివిడిగా మూడుసార్లు సరిచూడండి. అన్నీ ఒకేసారి చూడబోతే ఆర్టికల్స్ కంటికి ఆనవు.